సుత్తిదెబ్బకు ఆగని పచ్చ

హరిద్గిరి పట్టణం ఉత్తర ద్వారం తెరిచీ తెరవగానే లోపలికి దూరినవాళ్ళు ఇద్దరే. ముందు నడిచేవాడు భుజాన గాజుల మలారం వేసుకున్న యువకుడు. వెనక వచ్చేది పాతికేళ్ళు నిండని పడుచు. ఎవరు మీరని ద్వారపాలకుడు అడిగితే, అక్కాతమ్ముళ్ళం, గాజులమ్ముకుని బతికేవాళ్ళం అని ఆమే జవాబు చెప్పింది. తమ్ముడు నోరు విప్పలేదు. విప్పితే కోట మాట బయటపడుతుందని ఆమె దారి పొడుగునా చెప్పి తీసుకొచ్చింది.

ఎందుకంటే ఆ తమ్ముడు కుంభినీపుర రాకుమారుడు కీర్తిధరుడు. ఆ అక్క అదే పురంలో, కంచరి వీధిలో రాగి బిందెలు చేసే ఇంట్లో పుట్టిన చెంగల్వ.

మొన్న పొద్దున చెంగల్వ పెరట్లో బట్టలు ఆరేస్తూ ఉండగా ఆకాశంలోంచి ఒక రాబందు దిగి, ఉయ్యాలలో నిద్రపోతున్న ఎనిమిది నెలల సూరనను ఎత్తుకుపోయింది. ఖాళీ ఉయ్యాలలోంచి మాంత్రికుడు వక్రజటుడి గొంతు వినిపించింది. "కంచరి పిల్లా, నాకు రాగిపచ్చ కావాలి. దాని ఆనవాలు రాగితో బతికే మీకే తెలుసు. ఒక్క బీట కూడా లేని రాయి తెచ్చి కాకోల గుట్ట మీద నా చేతిలో పెట్టు. మూడో రోజు పొద్దుగుంకేదాకా నీ కొడుకు ఆకలి తెలియని మంత్రనిద్రలో ఉంటాడు. పొద్దుగుంకాక నా హోమగుండంలో ఉంటాడు."

ఆ రాయిని నుదుట పొదుగుకుంటే మూడు లోకాల్లో ఏ మూల ఏముందో వాడికి కనిపిస్తుందట. వేట నుంచి తిరిగొస్తూ చెంగల్వ ఏడుపు విన్న కీర్తిధరుడు, బిడ్డను తెచ్చి ఒడిలో పెట్టేదాకా కోటలో అడుగుపెట్టనని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. పచ్చరాళ్ళ గనులున్న హరిద్గిరిలో వెతకాలని ఇద్దరూ బయలుదేరారు. ఇది మూడో రోజు.

హరిద్గిరి సొగసు చూడాలంటే వెయ్యి కళ్ళు చాలవు. కొండను మెట్లు మెట్లుగా చెక్కి కట్టిన మేడలు, మేడల అంచుల్లో పాకిన మాలతీ తీగలు, రాతి ఏనుగుల తొండాల్లోంచి వీధి కాలువల్లోకి దూకే సెలయేటి నీళ్ళు. అన్నిటినీ మించి ఆ ఊరి వాకిళ్ళు. తక్కిన లోకమంతా తెల్లటి ముగ్గు పెడితే, హరిద్గిరి ఆడవాళ్ళు పచ్చటి ముగ్గు పెడతారు. చిలకలు గుంపుగా వాలి రెక్కలు విప్పినట్టు వాకిలి వాకిలికీ పచ్చదనం. లేత ఎండ పడితే ఆ ముగ్గుల్లో సన్నటి నలుసులు తళుక్కుమంటాయి.

చెంగల్వకు ఆ సొగసేమీ ఎక్కలేదు. పది అడుగులకోసారి తలెత్తి పొద్దు ఎంత పైకొచ్చిందో చూసుకుంటోంది. పాలు చేపి రవిక తడిస్తే పైట లాక్కుంటోంది. నిలబడ్డచోట కూడా ఆమె ఒళ్ళు అటూ ఇటూ ఊగుతూనే ఉంది, చంకలో లేని బిడ్డను జోకొడుతున్నట్టు.

"కాస్త కూర్చో చెంగల్వా. రాత్రంతా నడిచావు" అన్నాడు కీర్తిధరుడు మెల్లిగా.

"కూర్చుంటే లేవలేను దొరా. నడవనియ్యండి."

"ఏమయ్యో గాజుల సెట్టీ, ఇటొకసారి రా" అని పిలుపు వినిపించింది.

వాకిట్లో ముగ్గు పెడుతున్న ఒక ముసలామె నడుము పట్టుకుని లేచింది. ఒక చేతిలో పచ్చపొడి నింపిన కొబ్బరిచిప్ప. పేరు దాసవ్వ. రాజుగారి రత్నపరీక్షశాల ఊడ్చడం ఆమె పని.

"ఈ చేతికి నాలుగు, ఆ చేతికి నాలుగు. ఎర్రవి" అని ముసలామె చెయ్యి చాచింది.

కత్తి తిప్పడంలో కీర్తిధరుడికి సాటి లేదు కానీ గాజు తొడగడం అతనెరుగడు. మొదటి గాజు మణికట్టు దగ్గరే పుటుక్కుమంది. రెండోది చెయ్యి దాకా కూడా రాలేదు. మూడోది దాసవ్వ వేలికి గుచ్చుకుంది.

"నీకు గాజులు తొడగడం ఎవరు నేర్పారయ్యా, కట్టెలు కొట్టేవాళ్ళా? పెళ్ళాముందా నీకు? లేదులే. ఉంటే ఈపాటికి నేర్పి ఉండేది."

"పక్కకి జరుగు తమ్ముడూ. పనికిమాలినవాడా" అని చెంగల్వ అతన్ని మోచేత్తో నెట్టి, దాసవ్వ అరచెయ్యి ముడిచి, బొటనవేలి మొదలు నొక్కి, ఊపిరి పీల్చేలోగా నాలుగు గాజులూ ఎక్కించింది. రాకుమారుడు జీవితంలో మొదటిసారి తిట్లు తిని తల వంచుకు నిలబడ్డాడు.

గాజులు ఎక్కిస్తున్నా చెంగల్వ కళ్ళు కొబ్బరిచిప్ప మీదే ఉన్నాయి. ఆ పచ్చదనం ఆకు నూరితే వచ్చేది కాదు. వాళ్ళ నాన్న కొలిమి పక్కన ఆ రంగును ఆమె వెయ్యిసార్లు చూసింది. చిటికెడు పొడి తీసి అరుగు పక్కన మండుతున్న దాసవ్వ పొయ్యిలో చల్లింది.

ఎర్రగా మండుతున్న మంట ఒక్కసారి ఆకుపచ్చగా లేచింది. రాగి కలిస్తేనే మంట అలా లేస్తుంది.

"పొయ్యిలో ముగ్గు పోస్తావేంటే పిల్లా. నా గంజి పాడైపోను."

"అవ్వా, ఈ పొడి ఎక్కడిది?"

"ఎక్కడిదేమిటి, మా పరీక్షశాలలోది. కొండలోంచి ఏ పచ్చరాయి తీసినా రత్నాధికారి మణివర్మగారు దాగలి మీద పెట్టి వెండి సుత్తితో మూడు దెబ్బలు కొడతారు. ఆగితే మరకతం, రాజుగారిది. ఆగకపోతే నకిలీ, పొడి ఊడ్చినవాళ్ళది. మా అమ్మమ్మ కాలం నుంచీ అంతే. మా ఇంటి పొడితోనే ఊరంతా ముగ్గులేస్తారు."

చెంగల్వ వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. వాకిళ్ళన్నీ పచ్చగా మెరుస్తున్నాయి.

"దొరా" అంది, దాసవ్వ వింటోందన్న మాటే మర్చిపోయి. "లోకంలో రాగిపచ్చ ఎందుకు దొరకదో తెలిసింది. దొరికే చోటు ఇదొక్కటే. దొరికిందల్లా వీళ్ళు పగలగొట్టి ముగ్గు పెట్టుకున్నారు."

"అంత మెత్తని రాయా అది?"

"రాగి ఊట రాతిపొరల్లోకి ఇంకి, ఎన్ని వేల ఏళ్ళకో గడ్డకట్టి పుడుతుందట. మా నాన్న చెప్పేవాడు. రంగులో మరకతాన్ని పక్కన పెడితే మరకతమే వెలిసినట్టుంటుంది. కానీ ఒంట్లో బలం లేదు. దెబ్బ తగిలితే పలకలు పలకలుగా విడిపోతుంది. మంటలో పెడితే నల్లబడుతుంది. పులుసు నీళ్ళు తగిలితే మెరుపు చచ్చిపోతుంది. సానపట్టి ఉంగరంలో పొదిగిన మొనగాడు ఇంతవరకూ లేడు." ఆమె దాసవ్వ రెండు చేతులూ పట్టుకుంది. "అవ్వా, పగలనిది ఒక్కటి కావాలి. నా బిడ్డ ప్రాణం దాని మీద ఉంది." అని జరిగిందంతా రెండు ముక్కల్లో చెప్పేసింది.

దాసవ్వ ఆమె తడిసిన పైట వైపు చూసింది. పొయ్యి మీది గంజి దించి పక్కన పెట్టింది.

"నిన్న పాత గని కూలితే ఏడు రాళ్ళు బయటపడ్డాయి. ఈ మధ్యాహ్నమే పరీక్ష. చీపురు పట్టుకో. ఓయ్ చేతకాని సెట్టీ, నువ్వూ రా. లోపల ఆడంగులకి గాజులు చూపిద్దువు గాని. తొడగబాకు."

రత్నపరీక్షశాల పాలరాతి స్తంభాల మంటపం. నడుమ ఏనుగు పాదమంత దాగలి. దాని చుట్టూ నేలంతా పచ్చటి దుమ్ము. పట్టుశాలువా కప్పుకున్న మణివర్మ వెండి సుత్తి చేత పట్టి కూర్చున్నాడు. ఎదురుగా కంచుపళ్ళెంలో ఏడు రాళ్ళున్నాయి. ఆరింటిని చెంగల్వ చూడనే లేదు. ఏడోది తెల్లటి సుద్దరాతి ముక్కకు అంటుకుని, బొటనవేలంత, ఆరు పలకలుగా, కొసలు తేలి నిలబడి ఉంది. అడవి అంతటి పచ్చదనం ఆ కాస్త చోటులో ముడుచుకు కూర్చున్నట్టుంది.

మణివర్మ చెయ్యి సరాసరి దాని మీదికే పోయింది.

"అది మరకతం కాదండయ్యా" అంది చెంగల్వ.

మంటపంలో గుసగుసలు ఆగిపోయాయి. మణివర్మ తల తిప్పి, చీపురు పట్టుకున్న మనిషిని ఎగాదిగా చూశాడు.

"కాకపోతే పగులుతుంది. ఆ సంగతి సుత్తి చెబుతుంది. నువ్వు ఊడువు."

"సుత్తి అక్కర్లేకుండా నేను చెబుతానండి. ఏడింటికి ఏడూ. ఒక్కటి తప్పినా నన్ను గనిలో వెట్టికి పెట్టుకోండి."

"దేంతో చెబుతావు?"

"గాజుముక్కతో."

చుట్టూ నవ్వులు లేచాయి. మణివర్మకూ నవ్వొచ్చింది. పనివాళ్ళ ముందు ఒక ఆడకూతురి పొగరు అణచడానికి ఇంతకంటే తేలిక దారి కనిపించలేదు. సుత్తి ఒళ్ళో పెట్టుకుని కానిమ్మన్నాడు.

చెంగల్వ మలారంలోంచి ఒక గాజు లాగి పుటుక్కున విరిచింది. మొదటి రాయిని గాజుపెంకుతో గట్టిగా రాసింది. గీత గాజు మీద పడింది.

"మరకతం."

మణివర్మ మూడు దెబ్బలు కొట్టాడు. రాయి చెక్కుచెదరలేదు.

రెండో రాయి. గీత రాయి మీద పడింది. "కాదు." మొదటి దెబ్బకే అది తుక్కయింది. మూడోది కాదు. నాలుగోది మరకతం. ఐదు, ఆరు కాదు. చెప్పిందల్లా చెప్పినట్టే జరుగుతుంటే మణివర్మ మీసం కింద చెమట పట్టింది. చెంగల్వ మాత్రం అతన్ని చూడటం లేదు. స్తంభాల నీడ దాగలి వైపు జరగడమే చూస్తోంది.

ఏడో రాయి వంతు వచ్చింది. సుద్దరాతి పక్కన, ఎవరికీ కనిపించని మొదట్లో, చీమ నడిచినంత మెల్లిగా గాజుపెంకు ఆనించింది. వెంట్రుకవాసి గీత రాయి మీదే పడింది. ఆమె వేలికి పచ్చటి నలుసు అంటుకుంది.

"ఇదీ కాదు" అంది. గొంతు వణికింది.

మణివర్మ సుత్తి ఎత్తాడు. స్తంభం పక్కనున్న కీర్తిధరుడి చెయ్యి మలారంలో దాచిన కత్తి పిడి మీదికి పోయింది.

"ఆగు బాబూ" అంది దాసవ్వ, చీపురు చంకలో పెట్టుకుని ముందుకొస్తూ. "మరకతం కానిది ఎవరిది?"

"నీదే. ముందు కొట్టనీ, ఊడ్చుకుందువు గాని."

"కొట్టడం ఎందుకు?"

"అవునో కాదో తేల్చడానికి."

"తేలిపోయిందిగా. ఆరుసార్లు ఆ పిల్ల ముందు చెప్పింది, నీ సుత్తి దాని వెనకాల నడిచింది. ఏడోది కాదంది. అంటే కాదు. కాదన్నాక అది నాది. నా సొమ్ము పగలగొట్టడానికి నువ్వెవరు?"

పనివాళ్ళు నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. మణివర్మ గాలిలో లేపిన సుత్తిని ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయాడు. తరతరాల కట్టుబాటు తన పక్షాన ఉందనుకున్నాడు. చూస్తే అది ఊడ్చే ముసలిదాని పక్కన నిలబడి ఉంది.

"తీసుకుపో" అన్నాడు చివరికి, సుత్తి దించి.

చెంగల్వ పైట కొంగు పరిచి, మలారంలోని గడ్డి అందులో కుక్కి, రాయిని సుద్దముక్కతో సహా రెండు చేతులా ఎత్తుకుంది. ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి వెనక. అప్పుడే పుట్టిన పసికందు మెడ నిలబెట్టినట్టు.

ఆ ఎత్తుకోవడమే ఆమె కొంప ముంచింది. ముప్ఫై ఏళ్ళుగా రాళ్ళు పట్టే చేతుల్ని చూస్తున్నవాడు మణివర్మ. నకిలీరాయిని అలా ఎవరూ ఎత్తుకోరు.

"ఏమిటది?"

చెంగల్వ బయటికి అడుగు వేసింది. దాసవ్వ నోరు ఊరుకోలేదు. "రాగిపచ్చట బాబూ. నా పొయ్యిలో చల్లి చూపించింది. నా ముగ్గంతా అదేనట."

మణివర్మ మొహం పాలిపోయింది. రాజుగారి కిరీటం కోసం రాగిపచ్చ తెమ్మని దేశదేశాలకు మనుషుల్ని పంపినవాడు అతనే. సముద్రాలు దాటి వెళ్ళి వట్టిచేతులతో తిరిగొచ్చిన వాళ్ళని కొరడాలతో కొట్టించినవాడూ అతనే. ఇప్పుడు తన కాళ్ళ కింద చూసుకున్నాడు. చెప్పుల దాకా పచ్చటి దుమ్ము. వంగి పిడికెడు తీసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి అది జారిపోయింది.

"ద్వారాలు మూయండి" అన్నాడు, పక్కవాడికి కూడా సరిగా వినపడనంత మెల్లిగా. మళ్ళీ గొంతు చించుకుని అరిచాడు. అప్పటికి మంటపంలో గాజులవాళ్ళు లేరు.

ఇప్పుడు చూడాలి చెంగల్వ అవస్థ. వెనక నగారా మోగుతోంది. తలమీద పొద్దు పడమటికి వాలింది. గుండె పరుగెత్తమంటోంది. కాళ్ళు పరుగెత్తడానికి లేదు. ఒక్క తూలు తూలితే, ఒక్క రాయి తన్నుకుంటే, కొంగులోది ఊరి ముగ్గుల్లో కలిసిపోతుంది. మెట్లవీధుల్లో ఒక్కో మెట్టూ పాదంతో తడిమి తడిమి దిగింది. సైనికులు పై వీధిలో దడదడ పరుగెడుతుంటే, కింది వీధిలో ఆమె చంటిపిల్లాడు లేస్తాడేమో అన్నట్టు అడుగు తీసి అడుగు వేస్తోంది. తలపాగా వేసుకున్న తాత ఒకడు ఎదురొచ్చి, "ఏమ్మా, పిల్లాడు పడుకున్నాడా" అని పక్కకి తప్పుకున్నాడు కూడా.

"ఇంకొంచెం తొందరగా నడవలేవా" అన్నాడు కీర్తిధరుడు.

"నడవలేను. మీరు వాళ్ళని తొందరగా రాకుండా చెయ్యండి."

దక్షిణ ద్వారం దాకా రాగానే ఇరవై మంది భటులు సందు మలుపు తిరిగారు. అందరివీ వట్టి పాదాలే. కీర్తిధరుడు మలారం తాడు కోసి గాజులన్నీ రాతిబాట మీద గుమ్మరించి, కత్తిపిడితో టకటకా చితక్కొట్టాడు. గాజులు పగలగొట్టడంలో ఈపాటికి అతనికి చెయ్యి తిరిగింది. ముందొచ్చిన నలుగురు పాదాలు పట్టుకుని కూలబడ్డారు, వెనకవాళ్ళు వాళ్ళ మీద పడ్డారు. మూతపడుతున్న తలుపుల సందులోంచి చెంగల్వ పక్కవాటుగా, ఒళ్ళంతా ముడుచుకుని, కొంగు మాత్రం తగలనివ్వకుండా బయటపడింది. వెనకాలే రాకుమారుడు దూకాడు.

ఊరి బయట తాటిచెట్టు లోతున లోయ. లోయ మీద తీగల వంతెన. అవతల ఒడ్డున, కాలిన కట్టెలా నల్లగా, కాకోల గుట్ట. గుట్ట కొప్పు మీద హోమధూమం మెలికలు తిరుగుతోంది. పొద్దుకీ కొండకీ మధ్య మూరెడు ఆకాశం మిగిలింది.

"నేను వంతెన మీదికి వస్తే ఊగుతుంది" అన్నాడు కీర్తిధరుడు. "నువ్వు వెళ్ళు. నేనిక్కడ ఉంటాను." తలుపులు మళ్ళీ తెరుచుకుని భటులు బయటికి వస్తున్నారు. అతను వంతెన మొదట్లో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి కత్తి దూశాడు.

చెంగల్వ తీగల మీద కాలు పెట్టింది. వెనక కత్తుల మోత. గాలికి వంతెన ఊగితే ఆమె ఆగేది. తగ్గితే నడిచేది. సగం దాకా వచ్చేసరికి ఒక నీడ మీద పడింది. రాబందు వచ్చి ఎదుటి తీగ మీద వాలింది. సూరనను ఎత్తుకుపోయింది అదే. కాలి గోళ్ళకు ఉయ్యాల గుడ్డ పోగు ఇంకా చుట్టుకుని ఉంది.

"ఈ నడకకి పొద్దుగుంకేలోగా గుట్ట ఎక్కలేవు" అంది మనిషి గొంతుతో. "రాయి ఇలా ఇయ్యి. రెప్పపాటులో మా స్వామికి ఇస్తాను. పిల్లాణ్ణి ఆయనే పంపిస్తాడు."

చెంగల్వ చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళింది. మూడు రోజులుగా వక్రజటుడు చెప్పిందే చేస్తూ వచ్చిన చెయ్యి అది. పక్షి మెడ చాచింది. దాని కళ్ళు ఆమెను చూడటం లేదు. రాయిని చూస్తున్నాయి, దప్పికగొన్నవాడు నీళ్ళను చూసినట్టు.

ఆ చూపు ఆమెకు అర్థమైంది. వక్రజటుడికి బిడ్డ అక్కర్లేదు, తాను అక్కర్లేదు. లోకంలో అందరూ పగలగొట్టుకోగా మిగిలింది ఇదొక్కటి. ఇది తన చేతిలో ఉంది.

చెంగల్వ కొంగు విప్పింది. గడ్డి గాలికి ఎగిరిపోయింది. వట్టి రాయిని అరచేతిలో పెట్టుకుని, చెయ్యి తీగలు దాటించి లోయ మీదికి చాచింది.

రాబందు రెక్కలు టపటపలాడించింది. "పిచ్చిదానా, ఏం చేస్తున్నావు?"

"నేనేమీ చెయ్యను. వేళ్ళు విప్పుతాను, అంతే. కింద బండలున్నాయి. సుత్తి కూడా అక్కర్లేదు." ఆమె గొంతులో ఇప్పుడు వణుకు లేదు. "పోయి మీ స్వామికి చెప్పు. రాయి గుట్ట ఎక్కదు. పిల్లాణ్ణే దిగి రమ్మను. మంత్రనిద్ర వదిలించి, ఈ వంతెన మీదికి, నా ఒళ్ళోకి. అప్పుడు రాయి."

"ఆయనకి కోపమొస్తే ఉన్నచోటే నిన్ను శిలను చేస్తాడు."

"చెయ్యమను. శిలైతే చెయ్యి రాయిని పట్టుకుంటుందో వదిలేస్తుందో ఆయనకే తెలియదు. చూసుకోమను."

రాబందు ఒక్క క్షణం ఆమె వేళ్ళ వైపు చూసింది. తర్వాత ఒళ్ళు విరుచుకుని గుట్ట వైపు ఎగిరింది. అది లేచిన విసురుకు వంతెన ఉయ్యాలలా ఊగిపోయింది.

చెంగల్వ ఎడమ చేత్తో తీగ పట్టుకుని కళ్ళు మూసుకుంది. కుడి అరచేతిలో రాయి ఒక్క పక్కకు జారి, బొటనవేలికి ఆనుకుని ఆగింది. ఒడ్డున కీర్తిధరుడు భటులను ఇంకా కవ్విస్తున్నాడు. పొద్దు కొండ అంచును తాకింది. చాచిన చెయ్యి భుజం దగ్గర నొప్పెట్టసాగింది. అయినా దించలేదు, వెనక్కి తీసుకోలేదు. పొగ తేలే గుట్ట వైపు చెవి పెట్టి, మంత్రనిద్ర వదిలితే వినిపించే సూరన ఏడుపు కోసం ఎదురుచూస్తూ నిలబడింది.